భీమిలి రేవు, మా పొలాల గోగునార

ఉద్యోగరీత్యా రాటర్‌డ్యామ్‌లో స్థిరపడ్డాను గానీ, ఇక్కడి రేవు గట్టున నడిచినప్పుడల్లా మనసు భీమిలికే పోతుంది. 17వ శతాబ్దంలో భీమిలిలో, అంటే భీమునిపట్నంలో, మకాం పెట్టి బట్టల వ్యాపారం చేసిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఈ రాటర్‌డ్యామ్‌లోనూ ఒక శాఖ ఉండేది.

మా చీపురుపల్లి వైపు నుంచి భీమిలి వెళ్లేవాళ్లు గోస్తనీ సంగమం, పావురాళ్లకొండ, డచ్చివాళ్ల సమాధులు చూసి వచ్చేస్తారు. భీమిలి చరిత్రలో సగం మా పొలాల్లోనే ఉందంటాను నేను. మన గోగునారని ప్రపంచ మార్కెట్లో 'బిమ్లి జూట్' అన్నారు. ఓడెక్కిన రేవు పేరే సరుకుకి స్థిరపడిపోయింది.

ఆ నార ఊరికే రాలేదు. కోసిన గోగు మోపులు చెరువులో వేసి, పైన బరువు పెట్టి రోజుల తరబడి ఊరబెట్టేవారు. తర్వాత మోకాలి లోతు కుళ్లునీళ్లలో నిలబడి, కర్ర విరిచి నార లాగి, నీటి మీద బాది కడిగి గట్టున ఆరేసేవారు. ఆ కంపు ఒంటికి పడితే ఓ పట్టాన వదిలేది కాదు. ఇంత కష్టం మూటలై భీమిలి చేరేది. ఓడలు ఒడ్డుకి రాలేవు. దూరాన లంగరేస్తే, మసూలా పడవలవాళ్లు ఎదురొచ్చే కెరటాలు దాటి సరుకు అందించేవారు.

1825లో భీమిలి డచ్చివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్ల పరమైంది. 1861 నాటికే మునిసిపాలిటీ వచ్చింది. అంతటి ఊరికి దెబ్బ తగిలింది నేల మీద నుంచి. 1890లలో వేసిన మద్రాసు-కలకత్తా రైలుమార్గం విజయనగరం, చీపురుపల్లి మీదుగా పోయింది, భీమిలిని తాకలేదు. 1933లో విశాఖ రేవు మొదలయ్యాక పెద్ద ఓడలన్నీ అటే. మాకు స్టేషనిచ్చిన రైలే భీమిలి సరుకుని మళ్లించుకుపోయింది.

ఇప్పుడు భీమిలి పక్కన చిట్టివలస జూట్ మిల్లూ మూతపడింది. మా వైపు గోగు వేసిన చేలల్లో మొక్కజొన్న కనిపిస్తోంది. డచ్చివాళ్ల సమాధుల్ని కాపాడాల్సిందే, కాదనను. వాటితో పాటు భీమిలిలో గోగునారకి, మసూలా పడవకి ఒక ప్రదర్శన గదైనా ఉండాలి. నార తీసిన చేతులు ఇంకా మన ఊళ్లలో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే పండక్కి ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చుని అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.