ఎంపోరియా గాలిలో ఒక పూట

మా సోలాపూర్ పూర్వభాగంలో పుట్టి పెరిగినవాళ్లకు గాలితో స్నేహం తక్కువ. సాంచాల మధ్య పనిచేసినవాళ్లకు మరీ తక్కువ. ఎండకాలం పొడిగాలి లోపలికి వచ్చిందంటే పోగులు పటపట తెగుతాయి. అందుకే ఎంత ఉక్కపోసినా కిటికీలు మూసేవాళ్లం. నలభై ఏండ్లు మిల్లులోనూ పవర్‌లూమ్ మీదా బతికిన నేను, గాలి కోసం తలుపు తీసింది తక్కువ, మూసిందే ఎక్కువ. అసొంటి నేను పోయిన ఏప్రిల్‌లో అమెరికాలో కాన్సాస్ అనే రాష్ట్రంలో, మనిషిని నిలబడనియ్యని గాలిలో ఒక పూటంతా ఆట ఆడి వచ్చిన. ఆ ముచ్చటే ఇది.

నా కొడుకు ఉండేది విచిటా అనే ఊళ్లో. నేను పోయి పది రోజులైంది. ఒక మంగళవారం పొద్దున్నే వాడు “బాపు, తయారుగా, ఎంపోరియా పోదాం” అన్నడు. “ఇయ్యాల పని లేదా?” అంటే “సెలవు తీసుకున్న” అన్నడు. కోడలు మనుమరాలిని బడికి పంపే తొందరలో ఉంది. ఇద్దరమే కారెక్కినం. దారిలో వాడి దోస్తు, వరంగల్ పిల్లగాడు ఒకడు, ఒళ్లో డిస్కుల సంచి పెట్టుకొని మాతో వచ్చిండు.

విచిటా నుంచి ఎంపోరియాకు గంటన్నర దారి. ఆ దారి పొడుగునా ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టలు. చెట్టు లేదు, ఇల్లు లేదు, ఆకాశం అంచు దాకా గడ్డే. పైన మట్టి పలుచన, కింద చెకుముకి రాయి. నాగలి దిగదు కాబట్టి దున్నలేదు. అందుకే అమెరికాలో ఒకప్పుడు కోట్ల ఎకరాల్లో ఉండిన ఎత్తుగడ్డి మైదానం ఇక్కడ మిగిలింది. ఎండాకాలం ముందు రైతులు గడ్డిని కావాలనే కాలుస్తారట, కొత్త చిగురు పశువులకు మంచిదని. కొన్ని గుట్టలు నల్లగా మాడి ఉన్నయి, వాటి మీద అప్పుడే పచ్చ మొలుస్తోంది. మేము పోయిన రోజు ఎక్కడా పొగ లేదు. “ఈ గాలిలో నిప్పు పెడితే కౌంటీ మొత్తం పోతది మామా” అన్నడు వరంగల్ పిల్లగాడు. కాన్సాస్ అన్న పేరు కాన్సా అనే ఆదివాసుల నుంచి వచ్చింది. దానికి ‘దక్షిణపు గాలి ప్రజలు’ అని అర్థం చెబుతారు. కారు దిగి తలుపు తీస్తే, తలుపును నా చేతిలో నుంచి గుంజుకున్నది ఆ దక్షిణపు గాలే.

ఎంపోరియా చిన్న ఊరు. కానీ డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లకు అది పండరిపురం లాంటిది. 2016లోనూ 2022లోనూ ఈ ఆట ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. ఆట సులువు. మామూలు గోల్ఫ్‌లో కర్ర, బంతి, గుంట ఉంటే, ఇందులో చెయ్యి, డిస్కు, బుట్ట ఉంటాయి. ఒక ఇనుప స్తంభానికి కింద బుట్ట, పైన వేలాడే గొలుసులు. దూరం నుంచి డిస్కు విసురుకుంటూ పోయి, గొలుసులకు తగిలి బుట్టలో పడేదాకా ఎన్ని విసుర్లు పట్టాయో లెక్కపెట్టుకోవాలె. తక్కువ విసిరినవాడు గెలిచినట్టు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి మైదానం తయారుచేసినాయన ఎడ్ హెడ్రిక్. గొలుసుల బుట్ట కూడా ఆయనదే. 2002లో ఆయన చనిపోతే, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోసినారు. పిచ్చి అంటే అట్ల ఉండాలె!

నాకు నచ్చింది ఇంకొకటి. మామూలు గోల్ఫ్ లెక్క క్లబ్బు లేదు, ఫీజు లేదు. ఊరి పార్కులో ఎవరైనా పోయి ఆడొచ్చు. ఒక్క డిస్కు ఉంటే చాలు.

మేము ఆడింది పీటర్ పాన్ పార్కులో. ఆ ఊరి పత్రికాసంపాదకుడు విలియం అలెన్ వైట్ కుటుంబం 1921లో గుర్రపు స్వారీ ప్రమాదంలో పోయిన పదహారేండ్ల బిడ్డ మేరీ జ్ఞాపకంగా ఊరికి ఇచ్చిన స్థలం అది. పార్కులో ఆయన విగ్రహం ఉంది. 1922లో రైల్వే కార్ఖానా కార్మికులు సమ్మె చేస్తే, మద్దతు పోస్టర్లు పెట్టొద్దని గవర్నర్ హుకుం. ఆ గవర్నర్ ఆయన దోస్తే. అయినా ఈయన తన పత్రిక ఆఫీసు కిటికీలో పోస్టర్ పెట్టిండు, అరెస్టు వారంటు తెచ్చుకున్నడు. మాట్లాడే హక్కు గురించి అప్పుడు రాసిన సంపాదకీయానికి 1923లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కొడుకు ఫోన్‌లో చదివి చెబుతుంటే నాకు మన నలుగురు హుతాత్మల చౌకు యాదికొచ్చింది. 1930లో మార్షల్ లా పెట్టిన ఊరు మనది. విగ్రహానికి చేతులు జోడించిన.

ఇక ఆట. ఫోన్‌లో గాలి గంటకు 30 మైళ్లు, విసురు వచ్చినప్పుడు 45 అని చూపిస్తోంది. అంటే మన లెక్కన 72 కిలోమీటర్లు. టోపీ నిలవదు, మాట వినబడదు. మొదటి బుట్ట ఎదురుగాలికి ఉంది. గాలి ఎక్కువ కాబట్టి జోరు ఎక్కువ పెట్టాలె అనుకొని, భుజం ఊడేటట్టు విసిరిన. డిస్కు ఇరవై అడుగులు పోయి, మూతి పైకెత్తి, గాలిపటం లెక్క నిలబడి, కుడిపక్కకు బోర్లి, నా తల మీద నుంచి వెనక్కి వచ్చింది! విసిరిన చోటు కన్నా వెనక పడ్డది. ఇద్దరూ పడీపడీ నవ్విండ్రు.

అప్పుడు ఆ పిల్లగాడు చెప్పిండు. “మామా, ఎదురుగాలిలో డిస్కుకు గాలి ఎక్కువ తగులుతది. అసలు వేగం కన్నా ఎక్కువ వేగంలో పోయినట్టే లెక్క. నువ్వు ఇంకా జోరు పెడితే అది ఇంకా తిరగబడతది. బరువు డిస్కు తీసుకో, మూతి కిందికి పెట్టు, నడుమెత్తులో విసురు. జోరు తగ్గించు.”

జోరు తగ్గించు అన్న మాట నాకు టక్కున తాకింది. నేను జాబర్‌ను. సాంచా మీద నాడెను, మన మిల్లు మాటలో ధోటాను, దెబ్బ మరీ గట్టిగా కొడితే అటు పెట్టెలో నిలవకుండా ఎగిరి వెనక్కి వస్తది. మరీ మెల్లగా కొడితే మధ్యలో చిక్కుకొని పడుగు పోగులన్నీ తెంపుతది. ఆ దెబ్బను సరిచేయడమే నా బతుకంతా చేసిన పని. ఇక్కడ కూడా అదే అన్నమాట అనుకున్న. రెండోసారి 175 గ్రాముల డిస్కు పట్టి, మెల్లగా, కిందికి విసిరిన. పోయింది, తిన్నగా పోయింది.

గాలి వెనక నుంచి వస్తే ఇంకో తీరు. సాయం చేస్తది అనుకుంటాం గానీ డిస్కును నేలకు నొక్కుతది, తొందరగా పడేస్తది. అప్పుడు తేలిక డిస్కు తీసుకొని కొంచెం ఎత్తు విసరాలె. పక్కగాలి అన్నిటికన్నా మాయలాడి. డిస్కు అడుగు భాగం గాలికి చూపిస్తే చాటలో తాలు లెక్క ఎత్తుకపోతది. పైభాగం చూపిస్తే నేలకు కొడతది. బుట్ట దగ్గరకు వచ్చినా నెమ్మది లేదు. ఆరడుగుల నుంచి విసిరింది తప్పి, అంచు మీద పడి, బండి చక్రం లెక్క దొర్లుకుంటూ చెరువు దిక్కు పోయింది. నేను దాని వెంట ఉరికిన. అరవై మూడేండ్ల వయసుల!

నా కొడుకు మాత్రం ఆ రోజు బాగా ఆడలేదు. ప్రతి విసురూ బలంగానే విసిరిండు, ప్రతిదీ తిరగబడ్డది. దోస్తు చెప్పినా వినలేదు. నాకు పొద్దుటి నుంచి ఒకటి కనబడుతనే ఉంది. నేను దిగినరోజు ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే కారు అద్దానికి వాడి కంపెనీ కార్డు వేలాడుతుండె. ఇప్పుడు లేదు.

తొమ్మిదో బుట్ట దాటినంక దోస్తు చెరువులో పడ్డ డిస్కు కోసం పోయిండు. మేమిద్దరం గాలికి వీపు పెట్టి ఒక చెట్టు చాటున కూసున్నం. నేను అడగలేదు. నా ముచ్చట చెప్పిన.

“మిల్లు మూతపడ్డంక నేను పవర్‌లూమ్ కార్ఖానాల చేరిన గదా. ఒక దీపావళి ముందట ఆర్డర్లు లేవని సేఠు రావొద్దన్నడు. మీ అవ్వకు చెప్పలే. పొద్దున్నే డబ్బా పట్టుకొని పోయి సిద్ధేశ్వర్ చెరువు గట్టున కూసునేది. పదకొండు రోజులు. పన్నెండో రోజు మీ అవ్వ డబ్బా కట్టియ్యలే. ‘నీ నెత్తి మీద పత్తి నూగు లేదు, వారం నుంచి చూస్తున్న’ అన్నది.”

వాడు చాలాసేపు మాట్లాడలేదు. గాలి హోరులో ఏడ్చిండేమో కూడా తెల్వదు. తరువాత చెప్పిండు. నేను దిగిన మూడోనాడే తీసేసిండ్రట. వాడి వీసా మీద ఉద్యోగం పోతే 60 రోజుల దాకనే గడువు. ఆలోపు ఇంకో కంపెనీ కాగితాలు పెట్టాలె, లేకుంటే సామాను సర్దుకోవాలె. ఎనిమిది రోజులైంది. “నువ్వు మొదటిసారి వచ్చినవు బాపు. ఎట్ల చెప్పాలె?”

“నాకు సరే. కోడలికి?”

తల అడ్డంగా ఊపిండు.

“మీ అవ్వ నన్ను పని పోయినందుకు తిట్టలే బిడ్డా. పదకొండు రోజులు ఒక్కన్ని కూసున్నందుకు తిట్టింది. పన్నెండో రోజు ఆమెనే బీడీలు ఇంకో ఐదువందలు ఎక్కువ చుడత అన్నది.”

ఇంతలో పిల్లగాడు మోకాళ్ల దాకా తడిసి, డిస్కు ఎత్తి చూపుకుంటూ వచ్చిండు. మిగిలిన తొమ్మిది బుట్టలూ ఆడినం. కొడుకు గెలిచిండా అంటే లేదు. కానీ చివరి రెండు బుట్టలకు జోరు తగ్గించిండు. చివరి దాంట్లో గొలుసులు గలగలమన్నయి. ఆ చప్పుడు అంత గాలిలో కూడా వినబడ్డది.

ఆ రాత్రి మనుమరాలు పడుకున్నంక వాడు కోడలికి చెప్పిండు. నేను లోపలి గదిలో ఉన్న. అరుపులు వినబడలేదు. కొంచెంసేపటికి కోడలు వచ్చి “మామయ్యా, చాయ్ తాగుతరా?” అని అడిగింది. ముగ్గురం వంటింట్లో కూసొని కాగితం మీద లెక్కలేసినం: అద్దె ఎంత, చేతిల ఎంత, తిరిగొస్తే మన ఇంట్ల పైగది ఖాళీ ఎప్పుడు చెయ్యాలె. తిరిగి రావడం కూడా ఒక దారి అని కాగితం మీద రాసినంక వాడి మొఖం తేటపడ్డది.

యాభై రెండో రోజున వేరే రాష్ట్రంలో ఒక చిన్న కంపెనీ కాగితాలు పెట్టింది. జీతం తక్కువ. పోయిండ్రు. ఇదే చివరి గాలి అని నేను అనను. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ దేశంలోనో, పుణెలోనో, హైదరాబాద్‌లోనో ఇట్లనే ఉన్నరు. ఫోన్‌లో “అంతా బాగుంది” అంటరు. మనం మిల్లు మూతపడ్డ రోజులు చూసినవాళ్లం, ఆ ముచ్చట్లు వాళ్లకు చెప్పకుండా దాచుకుంటం, చిన్నతనం అనుకుంటం. చెప్పండి. అవి వాళ్లకు పనికొస్తయి.

వచ్చేటప్పుడు వరంగల్ పిల్లగాడు ఆ బరువు డిస్కు నాకే ఇచ్చిండు. ఇప్పుడు అది మా అల్మారా మీద, ఆమె ఫోటో పక్కన ఉంది. ఆదివారం సాయంత్రం గల్లీ పిల్లలు వచ్చి అడుగుతరు. గాలి ఉన్న రోజే ఇస్త.