అత్తమ్మ అడిగిన పాట

కోడలినై ఆర్మూరు వచ్చిన కొత్తలో నేను పాడడం మానేశాను. ఎవరూ మానమనలేదు సుమండీ! కొత్త కోడలు పాడితే బాగుండదని నాకు నేనే అనుకున్నాను.

పసుపు ఉడకబెట్టి ఆరబెట్టే రోజులు. వాకిట్లో కొమ్ములొక కుప్ప, గోళాలొక కుప్ప వేస్తూ, పరధ్యానంలో 'మల్లీశ్వరి' పాట కూనిరాగం తీశాను. అత్తమ్మ విననే విన్నది.

"ఎవరి పాటనే అది?"

"భానుమతిగారిది, అత్తమ్మా," అన్నాను బెదురుతూ.

రాత్రిళ్ళు నేను 'అత్తగారి కథలు' చదివి వినిపిస్తే అత్తమ్మ కడుపుబ్బ నవ్వేది, అవేవో పరాయి అత్తల సంగతులన్నట్టు! అవి రాసినావిడే ఈ పాట పాడిందంటే నమ్మలేదు. అందుకని మొత్తం చెప్పాను. ఒంగోలు దగ్గర దొడ్డవరం పిల్ల. 1939లో 'వరవిక్రయం'తో తెరకెక్కింది. 1943లో రామకృష్ణారావుగారిని పెళ్ళాడి, ఇక సంసారమే చాలుననుకుంది. 1945లో 'స్వర్గసీమ' మళ్ళీ లాక్కొచ్చింది. బొమ్మ ఒకరిది, గొంతు ఇంకొకరిది అయిన రోజుల్లోనూ తన పాట తనే పాడుకుంది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటా తనే డైరెక్టు చేసింది.

అత్తమ్మ చేట కింద పెట్టింది.

"పెండ్లయినంక గూడ పాడిందా?"

"పాడింది, అత్తమ్మా."

"మరి నీ గొంతుకేమైంది? గట్టిగ పాడు, నాకు ఇనవడ్తలేదు."

2005 డిసెంబరు 24న భానుమతిగారు పోయారు. ఆ వార్త వినడానికి అత్తమ్మ లేదు. వంటింట్లో ఆ పాటే గొంతెత్తి పాడాను. నా కోడలు తలుపు చాటున నిలబడి వింటున్నది.

"ఇటు రా తల్లీ, నువ్వూ అందుకో," అన్నాను.