చెవిలో సంక్రాంతి: సికింద్రాబాద్ నుంచి అరకు దాకా

నవంబరు రెండో వారంలో పొద్దున్నే ఎనిమిదింటికి మా టీమ్‌లో ఆంధ్రావాళ్లందరం ఒకటే పనిలో ఉంటాం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కదా, సంక్రాంతి టికెట్ల కోసం ఫోన్ల మీద దండయాత్ర. నాకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సైడ్ లోయర్ దొరికింది. ఆ సాయంత్రం నుంచే రెండో పని మొదలుపెట్టాను. ప్లేలిస్ట్ కట్టుకోవడం.

నేను ఇండీ పిచ్చోణ్ణి. ఇండీ అనగానే ఇంగ్లిష్ పాట, గిటారు, గడ్డం గుర్తొస్తాయి చాలామందికి. అంత లేదండీ. సినిమాలో సందర్భం కోసం కాకుండా, నిర్మాత అడిగాడని కాకుండా, పాడేవాళ్లు తమకు అనిపించింది తమ ఖర్చుతో, తమ పద్ధతిలో చేసుకునే పాట ఇండీ. భాష ఏదైనా కావొచ్చు, వాయిద్యం ఏదైనా కావొచ్చు. అలాంటివే ఏరుకుని, మా ఊరు శృంగవరపుకోట దాకా, అక్కణ్నుంచి అరకు దాకా ఈ పండక్కి ఏ చోట ఏది విన్నానో చెబుతాను. మీ రూటు వేరైతే పాటలు అటూ ఇటూ మార్చుకోండి.

ముందుగా ఒక జాగ్రత్త. అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో సిగ్నల్‌ని నమ్ముకుంటే సగం ప్రయాణం గిరగిర తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి.

సికింద్రాబాద్ దాటి మౌలాలి, చర్లపల్లి పోయేసరికి చీకటి పడుతుంది. ఆ టైముకి ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో పెట్టుకున్నాను. 2019లో వచ్చిన 'బిస్మిల్లా' ఆల్బమ్. పెళ్లి బ్యాండుమేళం, పాతకాలపు క్లబ్ పాట కలిపి ఎవరో నిద్రమత్తులో పాడుతున్నట్టుంటుంది. ఆఫీసు బుర్రలోంచి బయటికి రావడానికి ఇది పనికొస్తుంది. తర్వాత మన హైదరాబాదీ బ్యాండ్ చౌరస్తా. 'ఊరెళ్లిపోతా మామా' మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నగరంలో బతికేవాడికి ఊరు ఎందుకు గుర్తొస్తుందో చెప్పే పాట, పండక్కెళ్లే రైల్లో అది వినకపోతే ఎలా? ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్లి 'జాతిరత్నాలు'లో చిట్టి పాట, 'డీజే టిల్లు' టైటిల్ పాట పాడాడు. ఆయన ఎదిగినందుకు సంతోషమే. కానీ తెలుగులో ఒక గొంతు బాగుందని తేలగానే సినిమా వచ్చి తీసుకుపోతుంది, బయట మిగిలేవాళ్లు తక్కువ. కేరళలో అలా కాలేదు. అక్కడ అవియల్ బ్యాండ్ 2008లో అచ్చ మలయాళంలో రాక్ ఆల్బమ్ తెస్తే దాని వెనక చాలా బ్యాండ్లు పుట్టాయి. కాజీపేట నుంచి ఖమ్మం దాకా అవియలే విన్నాను, కాస్త కుళ్లుకుంటూ.

బెజవాడ చేరేసరికి అర్ధరాత్రి దగ్గర పడింది. ఇక్కడ మాత్రం ఒక పాత సరుకు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కణ్నుంచి వచ్చిన లలిత సంగీతం మన తాతల కాలపు ఇండీ అని నా అభిప్రాయం. హీరో లేడు, కథ లేదు, ఉన్నదల్లా ఒక కవి, ఒక గొంతు, నాలుగు వాయిద్యాలు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు (1920-2018) పాట రాసి, బాణీ కట్టి, పాడి, 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' అనే పుస్తకం కూడా రాశారు. దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. యూట్యూబ్‌లో ఆయన పేరు కొట్టి చూడండి. రికార్డింగ్‌లో గరగర ఉంటుంది, కింద వ్యూస్ చూస్తే బాధేస్తుంది, పాట మాత్రం శుభ్రంగా ఉంటుంది.

గోదావరి మీద

నిడదవోలు దాటాక నిద్రపోకూడదని అలారం పెట్టుకున్నాను. కొవ్వూరు, ఆ తర్వాత వంతెన. ఇండియన్ ఓషన్ బ్యాండ్ 2000లో తెచ్చిన 'కాందీసా' ఆల్బమ్‌లో 'మా రేవా' అనే పాట ఉంది. రేవా అంటే నర్మద. ఎక్కడో మధ్యప్రదేశ్ నదిని పొగిడే జానపదం, దాన్ని గోదావరి మీద వినాలన్నది ఎన్నాళ్ల నుంచో నా కోరిక. బేస్ గిటార్ మొదలయ్యేటప్పటికి కింద ఇనప గర్డర్ల చప్పుడు కూడా మొదలైంది. ఒక చెవి ఇయర్‌ఫోన్ తీసేశాను, రెండూ కలిసి వినాలని. ఎదురు బెర్తులో ఒకావిడ నిద్రలోంచి లేచి చిల్లర నదిలోకి వేసి, దణ్ణం పెట్టుకుని మళ్లీ పడుకుంది. పాట పూర్తయ్యేలోపే వంతెన అయిపోయింది. గోదావరి ఎక్స్‌ప్రెస్, ఇక్కడి రోడ్డు కం రైలు వంతెన రెండూ 1974లోనే మొదలయ్యాయి. ఇన్నేళ్లలో ఈ చీకట్లో ఎన్ని రూపాయి బిళ్లలు పడి ఉంటాయో!

తెల్లారేసరికి విశాఖ. స్టేషన్ దగ్గర్లోనే కంచరపాలెం. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' చూడనివాళ్లు ఈ సెలవుల్లో చూసేయండి, ఇంట్లోవాళ్లందరితో కలిసి. ఆ వీధుల్లోవాళ్లే చాలామంది నటించారు. స్వీకార్ అగస్తి సంగీతంలో 'ఆశా పాశం' పాట వచ్చేటప్పుడు మా అమ్మ టీవీ సౌండ్ పెంచమంది. తన లెక్కలో అది పెద్ద సర్టిఫికెట్.

"సినిమావి కాకపోతే మరేటి?"

విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కి కొత్తవలస మీదుగా శృంగవరపుకోటలో దిగాను. అందరూ ఎస్.కోట అంటారు. ఇంటికెళ్లి టిఫిన్ తిని, అరుగు మీద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నానో లేదో, నానమ్మ వచ్చింది.

"ఏట్రా ఆ సెవుల్లో ఎట్టుకున్నావు?"

"పాటలు నానమ్మా."

"ఏ సినిమావి?"

"సినిమావి కాదు."

"సినిమావి కాకపోతే మరేటి, బజనా?"

ఎంత ఆలోచించినా దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మన దగ్గర పాట అంటే సినిమా, లేదంటే దేవుడు. మధ్యలో ఉన్నదానికి పేరు లేదు. అందుకే ఒక ఇయర్‌ఫోన్ ఆవిడ చెవిలో పెట్టి, వంగపండు ప్రసాదరావు గారి పాట వేశాను, 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. పార్వతీపురం వైపు మనిషి, 2020లో పోయారు. 2009లో 'మగధీర'లో ఆ పల్లవి వాడుకున్నాక మా తరం దాన్ని సినిమా పాటే అనుకుంది. నానమ్మ రెండు నిమిషాలు విని, "ఇది మా ఊడుపుల్లో పాడీవోల్లు" అంది. తర్వాత తనే ఇంకో రెండు పాటలు అందుకుంది. చరణాలు మధ్యలో మర్చిపోయి, "పొలంలో అయితే వస్తాది, ఇక్కడ రాదు" అని లేచిపోయింది. ఊడుపులకి ఇప్పుడు మిషన్ వస్తోంది మా ఊళ్లో.

భోగి రాత్రి సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మా పిన్ని కొడుకు డీజే బాక్సులు తెచ్చాడు. తెల్లారి నాలుగింటికి మంట వేసేవరకూ కిటికీ అద్దాలు ఊగాయి. ఇండీ, గిండీ ఏదీ వినపడలేదు. డాన్స్ మాత్రం నేనూ చేశాను.

మర్నాడు పొద్దున హరిదాసు వచ్చాడు. మోపెడ్ వీధి చివర ఆపుకుని, రాగి అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని, చేతిలో చిరతలు. భుజానికి చిన్న బ్లూటూత్ స్పీకరు. కీర్తన అందులోంచి వస్తోంది, ఆయన చిరతలు మాత్రమే వాయిస్తున్నాడు. చాలా ఊళ్లలో ఇప్పుడిదే పద్ధతి. నవ్వడం తేలిక. కానీ ఆయనకి అరవై దాటాయి, మంచులో తెల్లారకముందే బయల్దేరాలి, వందిళ్లు తిరగాలి. ఏ గొంతు ఆగుతుంది?

నానమ్మ దోసిట్లో బియ్యంతో గుమ్మంలో నిలబడి, వెయ్యలేదు. "పెట్టికి నాను బియ్యం ఎయ్యను. నువ్వు పాడు" అంది. హరిదాసు దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, పాత్ర దించకూడదు. ఆయన నానమ్మని చూశాడు, స్పీకరు ఆపాడు, పాడాడు. గొంతు బొంగురు పోయింది, పై స్థాయి అందలేదు. అయినా పక్కింట్లోంచి ఇద్దరు బయటికొచ్చారు. పాట అయ్యాక ఆయన మోకాలు వంచి కూర్చుంటే నానమ్మ బియ్యం పోసింది, మామూలుగా వేసేదానికి రెట్టింపు. తర్వాతి ఇంటి దగ్గర స్పీకరు మళ్లీ మొదలైంది.

స్ట్రీమింగ్ యాప్‌లో ఒక పాట ఒకసారి వింటే కళాకారుడికి చేరేది పైసల లెక్కే. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట ఆల్బమ్ కొంటే డబ్బులో ఎక్కువ భాగం నేరుగా వాళ్లకే పోతుంది. పీటర్ క్యాట్ వాళ్ల పాటలు అక్కడే కొన్నాను నేను. ఒక బిర్యానీ ఖర్చు కూడా కాలేదు.

కనుమ మర్నాడు బస్సెక్కి విజయనగరం వెళ్లాను. కోట దగ్గర మహారాజా సంగీత కళాశాల ఉంది, 1919లో పెట్టింది. పండగ సెలవు కాబట్టి గేటు బయటి నుంచే చూశాను. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథ ఆయనే రాసుకుంటాడు, ఆయనే పాడతాడు, కాలికి గజ్జె కట్టి ఆడతాడు, మధ్యలో జోకులేస్తాడు. మా ఐటీ భాషలో ఫుల్ స్టాక్ అన్నమాట. ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ కూడా తెచ్చారు. తర్వాత ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డింగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కర్ణాటక సంగీతం బొత్తిగా తెలియనివాళ్లు అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. ఘంటసాల ఇక్కడే చదివారు, మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని. ఆ వీధుల్లో నడుస్తుంటే హరిదాసు గుర్తొచ్చాడు నాకు.

పుస్తకం కావాలంటే నారాయణదాసు గారి ఆత్మకథ 'నా యెఱుక' చదవండి. భాష మొదటి పది పేజీలు కష్టపెడుతుంది. తర్వాత నవ్విస్తుంది.

కొండ ఎక్కేటప్పుడు

సెలవుల్లో చివరి రోజు అరకు. బొడ్డవర దాటాక రైలు కొండెక్కుతుంది. బైలదిల్లా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. అందుకే ఇప్పటికీ గూడ్సు బండ్లదే రాజ్యం, మన పాసింజర్ త్యాడలోనో చిమిడిపల్లిలోనో ఆగి దారిస్తుంది. దారిలో 58 సొరంగాలు. ఒక్కో సొరంగంలోకి దూరగానే పెట్టెలో పిల్లలంతా కేకలు. పాట వినడం కుదరదు, ఆ కేకలే బాగుంటాయి.

మంచు చూడ్డానికి శిమిలిగూడలో తలుపు దగ్గర నిలబడ్డాను. 996 మీటర్ల ఎత్తు. అక్కడ బోన్ ఐవర్ 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో' పెట్టాను. జస్టిన్ వెర్నన్ అనే అమెరికన్ కుర్రాడు చలికాలమంతా విస్కాన్సిన్ అడవిలో వాళ్ల నాన్న గుడిసెలో ఒంటరిగా ఉండి రికార్డు చేసుకుని, 2007లో తనే విడుదల చేసుకున్న ఆల్బమ్. పొగమంచుకీ దానికీ జత కుదిరింది. రెండు పాటలకే చాలనిపించింది మరి. ఎదురుగా కాఫీ మొక్కలు, సిల్వర్ ఓక్ చెట్లు, తలమీద కట్టెల మోపుతో ఎవరో నడుస్తున్నారు. అందులో మరీ ఒంటరితనం ఎందుకులే అని అరుణాచల్ కుర్రాడు తాబా చాకే ఉకులేలేకి మారిపోయాను.

అరకులో సాయంత్రం ఒక రిసార్టులో థింసా పెట్టారు. ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా, పాములా వంకర్లు తిరుగుతూ ఆడతారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు. ఇరవై నిమిషాలు అయ్యేసరికి టూరిస్టులు సెల్ఫీలు దిగి వెళ్లిపోయారు. డీజే వైర్లు బిగిస్తున్నాడు. కొమ్ము ఊదిన పెద్దాయన పక్కన కూర్చుని టీ తాగుతుంటే అడిగాను, ఇరవై నిమిషాలేనా ఎప్పుడూ అని. "ఊళ్లో అయితే రాత్రంతా. ఇక్కడ టైమిస్తారు బాబూ" అన్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. వాళ్ల ఊళ్లో చైత్ర పండగకి ఎవరో తీసిన రికార్డింగు. నాకు బ్లూటూత్‌లో పంపాడు.

పదకొండు నిమిషాల ఫైలు. వెనకాల కుక్కలు అరుస్తుంటాయి, ఎవరో ఎవర్నో పిలుస్తుంటారు, తుడుము ఒక్కసారి కూడా తడబడదు. తిరుగు రైల్లో నాలుగుసార్లు విన్నాను. ఫైలు పేరు 'వాయిస్ 014'. ఈ మొత్తం లిస్టులో మీరు సెర్చ్ చేసినా దొరకనిది అదొక్కటే. అరకు వెళ్తే షో అయ్యాక లేచిపోకుండా, కొమ్ము ఊదేవాళ్ల దగ్గర కూర్చుని అడగండి.