గాలియు, పెట్రోలును, నిప్పురవ్వయు

ఇంజను మాటలాడునని మా నాయనగారు చెప్పుచుండెడివారు. ఆయన ముప్పది సంవత్సరములు పెట్రోలు అంబాసిడరు టాక్సీ నడిపినవారు. డిస్ట్రిబ్యూటరును చేతితో కొంచెము త్రిప్పి, చెవియొగ్గి విని, నిప్పురవ్వ పుట్టు వేళను ఆయన సరిచేయుట చిన్ననాట మేము చూచియుంటిమి. పెద్దవారమై, కంప్యూటరు అదుపులో నడచు ఇంజను గల కారు కొనిన పిమ్మట, ఆ విద్యకు కాలము చెల్లినదని తలంచితిమి. ఆ తలంపువలన కలిగిన నష్టమును విద్యార్థి సోదరులకు తెలుపుటకే యీ వ్యాసము.

పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ల గాలి కావలెను. ఇంజను పూర్తి బలము చూపవలసినపుడు గాలిని 12.5 లేక 13 పాళ్లకు తగ్గింతురు. హెచ్చైన పెట్రోలు ఆవిరియగుచు లోపలి వేడిమిని కొంత తగ్గించును. ఇక మిశ్రమము ఒక్క మారుగా మండదు గనుక, పిస్టను పైకొసను చేరుటకు ముందే రవ్వ పుట్టవలెను. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజను ఒక డిగ్రీ తిరుగుటకు పట్టు కాలము సెకనులో 18,000వ వంతు మాత్రమే! రవ్వ ఆలస్యమైనచో బలము వ్యర్థమగును. మరీ ముందైనచో, మంట వ్యాపించులోపలనే మిగిలిన మిశ్రమము తనంతట తాను ప్రేలును. ఇదియే 'నాకింగు'.

పెట్రోలును, రవ్వను ఒకే కంప్యూటరున కప్పగించిన బాష్ వారి మోట్రానిక్ 1979లో బి.ఎమ్.డబ్ల్యు. 732ఐ కారులో వచ్చెను. అట్టి కంప్యూటరులో ఇంజను వేగమునకును, బరువునకును తగిన అంకెల పట్టిక యుండును. ఆ అంకెలను మార్చుకొనుటకు వీలైన కంప్యూటరు నొకదానిని మేమును మా తమ్ముడును మా కారునకు బిగించితిమి. నాకింగును కనిపెట్టు సెన్సరును కలుపుట అనవసరమనుకొంటిమి. రవ్వను రెండేసి డిగ్రీలు ముందుకు జరిపితిమి; కారు హుషారుగా పరుగెత్తెను. ఆశ హెచ్చి మరల జరిపితిమి. ఖర్చు కలిసివచ్చునని పెట్రోలును సైతము తగ్గించితిమి.

మే నెలలో ఒకనాడు, మండుటెండలో, నాయనగారిని వెనుక కూర్చుండబెట్టుకొని ఘాటు రోడ్డు ఎక్కుచుంటిమి. "అబ్బాయీ, డబ్బాలో గులకరాళ్లు కదలినట్లున్నది. కాలు తీయుము" అని ఆయన యనిరి. "అంకెలన్నియు సరిగానే యున్నవండీ" అని మేము బదులు చెప్పితిమి. మూడు మలుపులు దాటకముందే బలము పడిపోయెను. వెనుక నీలిపొగ క్రమ్మెను. ఇంజను విప్పి చూడగా ఒక పిస్టను అంచు కరిగి రంధ్రము పడియుండెను.

నాయనగారి కంటి శస్త్రచికిత్సకై దాచిన సొమ్ము దాని మరమ్మతునకు పోయెను. ఆయన మమ్ము ఒక్క మాటయు ననలేదు. అదియే మాకు మిక్కిలి దుర్భరమయ్యెను.

రెండవమారు నాకింగు సెన్సరును, గాలి పాళ్లను సరిగా కొలుచు సెన్సరును బిగించి, బలమును కొలుచు డైనమోమీటరు గల పనిశాలకు పోతిమి. చూపు మసకబారిన నాయనగారు ప్రక్కనే కుర్చీలో కూర్చుండిరి. ముందుగా పెట్రోలు సరిచేసి, పిమ్మట రవ్వను ఒక్కొక్క డిగ్రీ జరుపుచు బలమును కొలిచితిమి. ఒకచోట బలము పెరుగుట మానెను, సెన్సరింకను ఊరకుండెను. "చాలును" అనిరి నాయనగారు. అచ్చటనుండి రెండు డిగ్రీలు వెనుకకు తీసి నిలిపితిమి. ఎండకును, ఎక్కుడు దారికిని, మన పొరపాటునకును ఆ రెండు డిగ్రీలు విడిచియుంచవలెనని ఆనాడు గ్రహించితిమి. అంకెలు అబద్ధమాడలేదు, అవి మేము వ్రాసిన అంకెలే. వినవలసినది మేము వినలేదు.

ఆరు నెలలకు మరల సొమ్ము కూడినది. ఆ కారులోనే నాయనగారిని ఆసుపత్రికి తీసికొనిపోతిమి. దారిపొడవున ఆయన యేమియు పలుకలేదు. ఇంజను సరిగా నడచునపుడు ఆయన పలుకరు.