వంద యెన్లకు ఇంకో లైఫ్

టోక్యోలోని అకిహబరాలో వీడియో గేమ్ హాళ్లు తగ్గిపోతున్నాయి. గేమ్‌లు మాత్రం వెండితెర మీద కోట్లు కురిపిస్తున్నాయి.

అకిహబరా స్టేషన్‌లో ఎలక్ట్రిక్ టౌన్ గేటు దాటగానే ముందు పలకరించేది శబ్దం. ఒక షాపులోంచి కార్టూన్ సినిమా పాట, పక్కదాంట్లోంచి బొమ్మలు పట్టే క్రేన్ మెషీన్ల కూత, పైన పట్టాల మీద రైలు మోత. టోక్యోలో గుళ్లు, తోటలు చూడటానికి వచ్చేవారు వేరు, ఇక్కడికి వచ్చేవారు వేరు. వీరిలో చాలామంది వెతుక్కునేది తమ చిన్నతనాన్ని. అది ఏ పై అంతస్తులోనో ప్లాస్టిక్ కవర్లో, ధర చీటీతో సహా దొరుకుతుంది.

పాత గేమ్‌లు అమ్మే సూపర్ పొటాటో అలాంటి షాపే. 1983లో నింటెండో 14,800 యెన్లకు విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రం కాసెట్లు అక్కడ వరుసల్లో కనిపిస్తాయి. వాటిని గుర్తుపట్టడానికి జపనీయులే కానక్కర్లేదు. 1990లలో తెలుగు పట్టణాల్లో గంటకింత అని తీసుకుని ఆడించిన పార్లర్లలో టీవీకి తగిలించినవి చాలావరకు ఫ్యామికామ్ నకళ్లే. నింటెండో పేరు వినకుండానే మారియోను గెంతించిన తరం అది.

ఈ పేట ఎప్పుడూ ఒకే సరుకును నమ్ముకోలేదు. 1869 నాటి అగ్నిప్రమాదం తర్వాత ఖాళీ స్థలంలో నిప్పు నుంచి కాపాడే దేవుడికి గుడి కట్టారు. జనం ఆయన్ను అకిబా దేవుడన్నారు. అలా ఆ మైదానానికి అకిహబరా అనే పేరొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రేడియో విడిభాగాల చిల్లర వ్యాపారులు చేరారు. తర్వాత టీవీలు, ఫ్రిజ్‌లు, ఆ పైన కంప్యూటర్లు, వాటి వెంట గేమ్‌లు వచ్చాయి.

గేమ్ హాళ్ల కథ వంద యెన్ల నాణెంతో ముడిపడింది. 1978లో టైటో సంస్థ స్పేస్ ఇన్వేడర్స్ తెచ్చినప్పుడు జపాన్ జనం నాణేలు పట్టుకుని క్యూ కట్టారు. 1986లో దేశంలో 26 వేలకు పైగా గేమ్ హాళ్లుండేవి. 2019 నాటికి మిగిలినవి సుమారు 4 వేలు. ఇంట్లోకి గేమ్ యంత్రాలు, చేతుల్లోకి ఫోన్లు రావడం అందరికీ కనిపించే కారణాలు. కనిపించనిది పన్ను. 2014 దాకా 5 శాతం ఉన్న వినియోగ పన్ను ఆ ఏడాది 8 శాతానికి, 2019లో 10 శాతానికి పెరిగింది. కిరాణా కొట్టు ఆ భారాన్ని ధరలో కలిపేయగలదు. నాణెం మింగే మెషీన్ 102 యెన్లు అడగలేదు. పెరిగిన ప్రతి శాతాన్నీ హాలు యజమాని మోశాడు.

ఆఖరి దెబ్బ కొవిడ్‌ది. 17 ఏళ్లు నడిచిన సెగా అకిహబరా 2వ భవనం 2020 ఆగస్టు 30న మూతపడింది. ఆ రాత్రి బయట గుమిగూడిన అభిమానుల ముందు మేనేజర్ వంగి నమస్కరించాడు. ఆ ఏడాది చివర్లో సెగా తన హాళ్ల వ్యాపారంలో 85 శాతం వాటా అమ్మేసింది. 2022 జనవరిలో మిగిలినదీ వదులుకుంది. హాళ్లకు గిగో అనే పేరొచ్చింది.

సెగాకు అది పూర్తిగా నష్టాల కాలమేమీ కాదు. 2020లోనే దాని నీలిరంగు ముళ్లపంది సోనిక్ సినిమాగా వచ్చి ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 1993లో మారియో సినిమా, 2001లో ఫైనల్ ఫాంటసీ సినిమా బోల్తా పడ్డాక గేమ్‌లు తెరకు పనికిరావన్న మాట స్థిరపడింది. 2023లో వచ్చిన మారియో యానిమేషన్ చిత్రం 130 కోట్ల డాలర్లు దాటి ఆ మాటను చెరిపేసింది. రాకపోకలు రెండువైపులా సాగుతున్నాయి. 2025లో విడుదలైన డెత్ స్ట్రాండింగ్ 2లో దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి, కుమారుడు కార్తికేయ పాత్రలుగా కనిపిస్తారు. దాన్ని రూపొందించిన హిదెయో కొజిమా స్టూడియో ఉన్నది టోక్యోలోనే.

అయినా అభిమాని లెక్కలో రెండూ ఒకటి కావు. సినిమాలో హీరో చనిపోతే తప్పు కథకుడిది. గేమ్‌లో చనిపోతే తప్పు ఆడేవాడిది. అందుకే సినిమా చూసి ఏడ్చి బయటికొస్తారు, గేమ్ ఓడితే జేబులో ఇంకో నాణెం వెతుక్కుంటారు.

ఆ వెసులుబాటు బయట వీధిలో ఉండదని అకిహబరాకు తెలుసు. 2008 జూన్ 8 ఆదివారం, వాహనాలు ఆపి పాదచారులకు వదిలిన రోడ్డు మీదికి 25 ఏళ్ల యువకుడొకడు ట్రక్కుతో దూసుకొచ్చి, దిగి కత్తితో పొడిచాడు. ఏడుగురు చనిపోయారు, పదిమంది గాయపడ్డారు. గేమ్‌ల పిచ్చి మీద వేళ్లు లేచాయి. అతను ఫ్యాక్టరీలో తాత్కాలిక కార్మికుడని తెలిశాక చర్చ ఉద్యోగ భద్రత వైపూ మళ్లింది. ఆదివారం నడక వీధి మళ్లీ మొదలైంది 2011 జనవరిలో.

అదే ఏడాది స్టేషన్ పక్కనున్న పాత రేడియో కైకాన్ భవనాన్ని కూల్చారు. కొత్తది 2014లో తెరుచుకుంది. పాత భవనాన్ని చూడాలంటే 2009 నాటి గేమ్ స్టైన్స్ గేట్ ఆడాలి. కథంతా అకిహబరాలోనే నడుస్తుంది, ఆ భవనం అలాగే నిలబడి ఉంటుంది. అలా ఊరిని గేమ్ దాచిపెట్టింది. గేమ్‌ను దాచేదెవరు? అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని 2023లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ లెక్కన పాత కాసెట్ల షాపు గ్రంథాలయం పనీ చేస్తోంది.

కానీ కాసెట్‌ను దాచినట్టు హాలును దాచలేరు. మిగిలిన హాళ్లలో ఫైటింగ్ గేమ్ మెషీన్లను వీపుకు వీపు ఆనించి పెడతారు. ప్రత్యర్థి ఎదురుగానే ఉంటాడు, తెర అడ్డం వల్ల ముఖం కనిపించదు. స్కూలు పిల్లవాడు ఆఫీసు టై కట్టుకున్న పెద్దాయన్ను ఓడించవచ్చు. ఓడినవాడు లేచి, అవతల కూర్చున్నదెవరో ఒకసారి తొంగిచూసి వెళ్లగలడు. ఇంట్లో ఒంటరిగా ఆడే ఆటలో ఆ చూపుకు చోటు లేదు.