వెనక్కి రాని కట్ట

తునికాకు కల్లం దగ్గర పెరిగినవాళ్ళం మేము. తెల్లారకముందే అడవికి పోయి, ఎండెక్కేసరికి వచ్చి, 50 ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో వరుసగా పేర్చేవాళ్ళం. కల్లేదారు ఒక్కో కట్ట చూసి, ఆకు చిన్నదనో చిల్లులున్నాయనో కొన్నింటిని పక్కకు విసిరేసేవాడు. వాటికి డబ్బు లేదు. అమ్మ మాత్రం వాటిని ఏరి ఇంటికి తెచ్చేది, ఆకు మనదే కదా అని.

పోయిన వానాకాలం మా ఊరి పిల్లలం అయిదుగురం ఫోన్లో ఇంకో కూలి చేశాం. తెరమీద తెలుగు వాక్యం వస్తుంది. దాన్ని కోయలో చెప్పి, రికార్డు చేసి పంపాలి. యంత్రానికి మీ భాష నేర్పుతున్నారు అన్నారు. సంబరపడ్డాం, నిజం చెప్పాలి. బడిలో కోయ మాట్లాడితే కసురుకున్న రోజులు చూసినవాళ్ళం మరి.

వాక్యానికి 2 రూపాయలు, అదీ వాళ్ళు ఒప్పుకున్నదానికే. ఇంట్లో రికార్డు చేసి, సిగ్నల్ కోసం గుట్టెక్కి పంపేవాళ్ళం. మాలో ఒకరు ఒక రాత్రి మూడు గంటలు కూర్చుని 60 వాక్యాలు చెబితే 23 కొట్టేశారు. కారణం ఒకటే మాట, 'శబ్దం'. వాన, కుక్కలు, కీచురాళ్ళు. కీచురాళ్ళు లేని రాత్రిని మా ఊళ్ళో ఎక్కణ్ణుంచి తెచ్చేది! మిగిలిన 37కి 74 రూపాయలు. నెట్ ఖర్చు మాదే. 'మీ ఖాతా నిలిపివేయబడింది' లాంటి వాక్యాలకు మాట దొరక్కపోతే అవ్వను లేపి అడిగేవాళ్ళం. పాపం, నిద్రకళ్ళతోనే ఆలోచించి చెప్పేది. ఆమె కూలి ఏ లెక్కలోనూ లేదు.

కొట్టేసిన ఆ 23 వాక్యాలను తుడిచేశారా, వాడుకున్నారా? పని ఇచ్చినతన్ని అడిగితే 'యాప్‌లో అంతే' అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. కల్లంలో విసిరేసిన కట్ట అమ్మ చేతికి తిరిగొచ్చింది. మా గొంతు రాలేదు.

మాకంటే కష్టం పడ్డవాళ్ళున్నారు. కెన్యాలోని నైరోబీలో యువతీయువకులు చాట్‌జీపీటీ కోసం హింస, అత్యాచారాల రాతలు రోజంతా చదివి గుర్తులు పెట్టారు. కూలి గంటకు 2 డాలర్ల లోపేనని 2023 జనవరిలో టైమ్ పత్రిక రాసింది. బెంగళూరులోని కార్య అనే సంస్థ మాత్రం గంటకు సుమారు 5 డాలర్లు ఇస్తూ, సేకరించిన మాటలు మళ్ళీ అమ్ముడైతే చెప్పినవాళ్ళకూ వాటా ఇస్తామంటోంది. అంటే ఇయ్యాలనుకుంటే ఇయ్యొచ్చు.

తునికాకును 2006 అటవీ హక్కుల చట్టం మన హక్కుల్లో రాసింది. అమ్మకంలో మిగిలింది బోనస్‌గా వస్తుంది, ఆలస్యంగానైనా. కట్ట రేటు కోసం మన పెద్దలు ఆకు కోయడం మానేసి మరీ కొట్లాడారు. మాటకు రేటు అడగడం మాకింకా కొత్త.

ఈమధ్య మరొకాయన వచ్చి భూమి పండగ పాటలు కావాలన్నాడు. బడి పంతులమ్మ సాయంతో కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చాం: గంటకెంత, కొట్టేసినవి ఏం చేస్తారు, మళ్ళీ అమ్మితే వాటా ఎంత, అవ్వ పేరు ఎక్కడ రాస్తారు. కనుక్కుని చెబుతానని పోయాడు. ఇంకా రాలేదు.