బేత్లెహేము వాకిట చలికాలం

అమెరికా దేశంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో బేత్లెహేము అనే పట్టణం ఒకటి ఉంది. మన గుంటూరు ప్రాంతపు వారికి ఆ రాష్ట్రం బొత్తిగా కొత్తది కాదు. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారిని పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సంఘమే. డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు పుట్టిందీ ఆ రాష్ట్రంలోనే. మా అమ్మాయి, అల్లుడు ఆ ఊళ్లో కాపురం ఉండడంవల్ల రెండు చలికాలాలు అక్కడ గడిపే అవకాశం నాకు కలిగింది.

మొరేవియన్ సంఘస్థులు 1741లో అడవి కొట్టుకుని అక్కడ స్థిరపడ్డారు. మొదట కట్టుకున్నది ఒకటే దుంగల ఇల్లు. అందులో ఒక పక్క మనుషులు, ఒక పక్క పశువులు. ఆ సంవత్సరం క్రిస్మస్ ముందు రాత్రి ఆ కొట్టం పక్కన కూడి ఆరాధన చేసుకుంటూ ఊరికి బేత్లెహేము అని పేరు పెట్టుకున్నారు. పశువుల పాక పక్కన పెట్టిన పేరు గనుక ఎంతో తగిన పేరని నాకనిపించింది. 2024లో ఆ పాత కట్టడాలను యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. చూడదగినవే. కాని నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఆ పెద్ద కట్టడాలు కావు, మామూలు ఇళ్ల వసారాలు.

అక్కడి పాత ఇళ్లకు వీధివైపు చెక్కతో కట్టిన వసారా ఉంటుంది. పోర్చ్ అంటారు. మన అరుగుకు తోబుట్టువే అనుకోండి. ఎండాకాలం సాయంత్రాలు దానిమీద కుర్చీలు వేసుకుని వచ్చేపోయే వాళ్లను పలకరిస్తారు. కార్లు, ఏసీలు వచ్చాక ఆ కూర్చోవడం తగ్గిందట. ఇక చలికాలంలో అసలు కూర్చునే వీలే లేదు. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. నీళ్లు రాయిలా గడ్డకడతాయి. మనుషులు కూర్చోలేని ఆ వసారాలో వాళ్లు పాత సామాన్లను కూర్చోబెడతారు!

నిజంగా పాతవే. తాతల నాటి పాల క్యాను, అందులో దేవదారు జాతి కొమ్మలు. తలుపు పక్కన కిరసనాయిలు లాంతరు. మేకుకు వేలాడే తోలు స్కేట్లు. యాపిల్ పళ్లు మోసిన చెక్కపెట్టె తలకిందులుగా పెట్టి, దానిమీద నీలిరంగు ఎనామిల్ కాఫీ కూజా. ఇవి కొన్ని అటకమీంచి దించినవి, కొన్ని చర్చీల్లో పెట్టే పాత సామాన్ల అమ్మకాల్లో కొన్నవి. తుప్పు పట్టిందనీ, రంగు ఊడిందనీ ఎవరూ చిన్నబుచ్చుకోరు. పైగా అదే అందమంటారు. కొమ్మలకు మాత్రం ఖర్చు లేదు. ఆ చలికి అవి వాడకుండా జనవరి దాకా పచ్చగా ఉంటాయి.

చాలా వసారాల్లో గోడకు ఆనించి కనబడేది చెక్క స్లెడ్. అడుగున ఇనుప పట్టాలతో మంచుమీద జారే బండి. వాటిలో పేరుపడ్డది ఫ్లెక్సిబుల్ ఫ్లయర్. దాని కథ మన రైతు కుటుంబాలకు నచ్చుతుంది. ఫిలడెల్ఫియాకు చెందిన శామ్యూల్ అలెన్ గారు విత్తనాలు వేసే పనిముట్లు చేసేవారు. సేద్యం పనిముట్లకు కొన్ని నెలలే గిరాకీ గదా, మిగిలిన కాలం పనివాళ్లకు పని చూపించాలి. అందుకని ముందున్న కర్రతో పక్కకు తిప్పగలిగే స్లెడ్ తయారుచేసి 1889లో పేటెంటు తీసుకున్నారు. అనావృష్టి ఏళ్లలో కూలీలకు పనిలేక వలసపోవడం చూసినదాన్ని గనుక ఆ యజమాని ఆలోచనను మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

వసారా కప్పు నుండి వేలాడే నక్షత్రం సంగతి చెప్పాలి. దానికి సాధారణంగా 26 కోణాలు. 1830ల ప్రాంతంలో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ బడిపిల్లలకు లెక్కల పాఠంగా పుట్టిందట. ఆగమనకాలపు మొదటి ఆదివారం కట్టి, జనవరి 6న తీస్తారు. మన పిల్లలు వెదురుబద్దలు వంచి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి కట్టే నక్షత్రం చూడగానే గుర్తొచ్చింది. మనది ఐదు కోణాలదైతేనేం, చీకట్లో దూరాన్నుండి చూస్తే క్రైస్తవుల ఇల్లు ఏదో తెలుస్తుంది.

అలంకరణలో వాళ్లు పాటించే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మట్టి కుండీలను బయట వదలరు, లోపలి తేమ గడ్డకట్టి పగులుతాయి. పాత లాంతర్లలో మంట పెట్టరు, చిన్న బ్యాటరీ దీపం పెడతారు. పాత రంగుల్లో సీసం ఉండేది. 1978లో ఆ దేశంలో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించారు. అందుచేత రంగు పెచ్చులూడే వస్తువును పసిపిల్లలకు అందనివ్వరు. మన పాత కిటికీలకూ, ఊయలలకూ ఈ మాట వర్తిస్తుంది.

మా అమ్మాయి ఇంటికి రెండిళ్ల అవతల ఎనభై దాటిన ఒక పెద్దమ్మగారున్నారు. భర్త ఆ ఊరి ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. 1995లో అక్కడ ఉక్కు తయారీ ఆగిపోయింది. చల్లారిన కొలుములు మాత్రం ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆవిడ వసారాలో స్లెడ్ లేదు, స్కేట్లు లేవు. ఒక బల్ల, దానిమీద ఆయన రోజూ పనికి పట్టుకెళ్లిన సొట్టల డబ్బా, చుట్టూ పచ్చని కొమ్మలు. అంతే. నేను దాన్ని చూస్తుంటే, లోపలికి పిలిచి టీ ఇచ్చారు. వచ్చే వేసవికి ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకు వెళ్లిపోతున్నారట. మనుమలను ఏం కావాలో తీసుకోమంటే టీవీ అడిగారట. “ఈ డబ్బా ఎవరూ అడగలేదు” అన్నారు, నవ్వుతూనే. మా అమ్మాయి తర్జుమా చేస్తూ గొంతు తడబడి ఆగిపోయింది.

ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఊళ్లో మా అమ్మగారి పెంకుటిల్లు తీసేసి స్లాబు వేయాలని తమ్ముడు సంకల్పించాడు. పాత ఇనుము కొనేవాడికి కబురు కూడా వెళ్లింది. ఆ సామాన్లలో మా నాన్నగారి లాంతరు ఉంది. కరెంటు రాకముందు ఆదివారం సాయంత్రం ప్రార్థనకు పేటలో ఇంటింటికీ ఆ లాంతరు పట్టుకునే వెళ్లేవారు. తెల్లవారి ఫోను చేశాను.

“లాంతరా అక్కా? దాని గాజు పగిలి చాలా ఏళ్లయింది గదా” అన్నాడు తమ్ముడు.

“పగిలితే పగలనీరా, నువ్వు మాత్రం తూకానికి వేయకు” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తరువాత మరదలు ఫోను అందుకుంది. “వదినా, దాన్ని నిన్ననే గోనెలోంచి తీసి పక్కన పెట్టాను. నక్షత్రం కట్టే కొక్కేనికి తగిలిస్తే బాగుంటుందా?” అని అడిగింది.